డ్రిల్ మిషన్ ఆగిపోయింది, వీడియోలు తలో మాట చెబుతున్నాయి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి గట్టు కింద పల్లె. మా వారు కువైట్‌లో పని చేస్తున్నారు. సెలవుకి వచ్చినప్పుడు అక్కడి నుంచి ఒక డ్రిల్ మిషన్ తెచ్చారు. కర్టెన్ రాడ్లు, అలమార చెక్కలు, దండేనికి హుక్కులు అన్నీ దానితో నేనే బిగించుకుంటున్నాను. ఈమధ్య చంటిదాని ఉయ్యాల కోసం శ్లాబుకి కన్నం వేస్తుంటే వెనక సందుల్లోంచి నీలంగా మెరుపులు వచ్చాయి, కాలిన వాసన వచ్చింది, ఆగిపోయింది. చేత్తో తడితే తిరుగుతోంది, మళ్లీ ఆగుతోంది. వీడియోలు చూశాను. ఒకాయన కార్బన్లు మార్చమంటాడు, ఇంకొకాయన స్విచ్ అంటాడు, మరొకాయన బిట్‌ని పట్టుకునే చక్ కూడా విప్పి చూపించాడు. రేవు దాటి నర్సాపురం తీసుకెళ్తే షాపులో విప్పకుండానే ఆర్మేచర్ పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. వరదలప్పుడు అటక మీద చెమ్మ తగిలి పాడైందని మా అత్తగారి అనుమానం. కరెంటుతో ఆటలొద్దని భయపడుతున్నారు. నేను బాగు చేసుకోగలనా? ఏ వీడియోని నమ్మాలి?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట "చేత్తో తడితే తిరుగుతోంది" అన్నది. ఆర్మేచర్ అంటే మోటారులో రాగి తీగ చుట్టలతో ఉండి తిరిగే భాగం. చుట్టలు కాలిపోయిన ఆర్మేచర్ తట్టినంత మాత్రాన లేచి తిరగడం అరుదు. తట్టినప్పుడల్లా తిరుగుతోందంటే లోపల ఎక్కడో తగలాల్సినది సరిగ్గా తగలడం లేదు, ఆ అదురుకి కాసేపు తగులుతోంది. దానికి తోడు వెనక సందుల్లో మెరుపులు. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం మొదట కార్బన్ల మీదకే, అంటే తిరిగే ఆర్మేచర్‌కి ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కల మీదకే పోతుంది. కాబట్టి మీరు బాగు చేసుకోగలిగే అవకాశం చాలానే ఉంది. కొత్తది కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మీరు చూసిన వీడియోల్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి వాళ్లు తమ బల్ల మీదున్న మిషన్‌కి వచ్చిన జబ్బు చెప్పారు. మీ మిషన్‌కి ఏం వచ్చిందో వాళ్లకి తెలియదు. వీడియో చూసి ఆయన మార్చిన పార్టే మనమూ మార్చేయడం, అది కాకపోతే ఇంకో వీడియో చూసి ఇంకో పార్టు కొనడం, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. జబ్బేమిటో మీ మిషన్ దగ్గరే తేల్చుకోండి. తేలాక, దాన్ని ఎలా విప్పాలి, ఎలా బిగించాలి అన్నదానికి మాత్రం వీడియో పెట్టుకోండి. ఆ పనికి వీడియోని మించిన గురువు లేడు.

ముందు అత్తగారి భయం సంగతి. ఆవిడ భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయకండి. మిషన్ ముట్టుకునే ముందు బోర్డు మీద స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు ఊడబీకి మీ కళ్లెదురుగా పెట్టుకోండి. ఒకసారి ట్రిగ్గర్ నొక్కి వదలండి. విప్పి ఉన్న మిషన్‌కి కరెంటు ఇవ్వకండి. బాడీ మూత తీసేసి, లోపల మెరుపులు కనబడేలా నడిపి చూపించే వీడియోలు ఉంటాయి. అది చూడ్డానికి బాగుంటుంది కానీ మీరు చెయ్యాల్సింది కాదు. ఈ ఒక్క మాట అత్తగారితో చెప్పి, ప్లగ్గు ఆవిడ చేతికే ఇచ్చి కూర్చోబెట్టినా మంచిదే. ఆవిడకీ ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు పని. మిషన్ విప్పకముందే చూడాల్సింది ప్లగ్గు. కువైట్‌లో కరెంటు 240 వోల్టులు, 50 సైకిల్స్. మనది 230, 50. కాబట్టి ఆ మిషన్‌కి ఇక్కడి కరెంటుతో పేచీ లేదు. పేచీ ప్లగ్గుతోనే. అక్కడి ప్లగ్గుకి మూడు బల్లపరుపు పిన్నులుంటాయి, మన సాకెట్‌లో దిగవు. మీరు మధ్యలో కన్వర్టర్ ముక్క ఏదో వాడుతూ ఉండాలి. అవి కొన్నాళ్లకి వదులైపోతాయి. తీసి చూడండి, గోధుమరంగు మరకలుగానీ, ప్లాస్టిక్ మెత్తబడి కరిగిన గుర్తుగానీ ఉంటే దాన్ని పారేయండి. ఆ ప్లగ్గు లోపల చిన్న గొట్టం లాంటి ఫ్యూజు కూడా ఉంటుంది, దాని చివర్లు నల్లబడ్డాయేమో చూడండి. అసలు ఆ ప్లగ్గు తీసేసి ఐఎస్ఐ గుర్తున్న మన 6 ఆంపియర్ల ప్లగ్గు వేయించుకోవడం మేలు. గోధుమరంగు వైరు ఫేజుకి, నీలం న్యూట్రల్‌కి.

వైరు రంగుల దగ్గర ఒక్క నిమిషం ఆగండి, ఇది ప్రాణానికి సంబంధించినది. అమెరికా వాళ్ల వీడియోల్లో నల్ల వైరు అంటే కరెంటు ఉన్న వైరు, తెల్లది న్యూట్రల్. మన పాత ఇళ్ల వైరింగులో ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్. అంటే అక్కడ ముట్టుకోకూడనిది ఇక్కడ వేరే రంగులో ఉంది. అమెరికాలో కరెంటు కూడా 120 వోల్టులే. అందుకని ఇంగ్లిష్ వీడియోలో రంగు పేరు విని ఏ వైరూ కలపకండి. విప్పే ముందు మీ మిషన్‌లో ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌తో ఫోటో తీసుకుని, మళ్లీ అలాగే పెట్టండి.

మీ మిషన్ పేరు పలక మీద చదరంలో ఇంకో చదరం ఉన్న బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్, దానికి రెండు వైర్లే ఉంటాయి, ఎర్త్ ఉండదు. ఎర్త్ లేదే అని కంగారుపడి మూడో వైరు తగిలించకండి. కానీ లోపల ఉన్న ప్లాస్టిక్ ముక్కలు, వైర్ల మీది తొడుగులు ఒక్కటి కూడా మిగిలిపోకుండా యథాస్థానంలో పెట్టాలి. ఆ మిషన్‌లో మిమ్మల్ని కాపాడేవి అవే.

తర్వాత వైరు పిడిలోకి దూరే చోట రబ్బరు తొడుగు ఉంటుంది చూడండి, అక్కడ వంచీ వంచీ లోపలి రాగి తీగలు తెగిపోతుంటాయి. పైకి వైరు నిక్షేపంగా కనిపిస్తుంది. ప్లగ్గు తీసి ఉండగా వేళ్లతో నొక్కుతూ రండి, ఒకచోట మెత్తగా, పట్టు లేనట్టు తగిలితే అక్కడ తెగినట్టే. మీ దగ్గర వైరు తెగిందీ లేనిదీ చూపించే మల్టీమీటర్ ఉంటే ప్లగ్గు పిన్ను నుంచి స్విచ్ దగ్గరి వైరు కొన దాకా ఒక్కొక్క వైరునీ విడివిడిగా చూడండి. చాలా వీడియోల్లో ప్లగ్గు రెండు పిన్నుల మీద మీటర్ పెట్టి, ట్రిగ్గర్ నొక్కి, ముల్లు కదలకపోతే స్విచ్ పోయిందనేస్తారు. నొక్కేకొద్దీ వేగం పెరిగే ట్రిగ్గర్లలో ఎలక్ట్రానిక్ భాగం ఉంటుంది. మీటర్‌లోని చిన్న బ్యాటరీకి అది దారి ఇవ్వకపోవచ్చు. మిషన్ నిక్షేపంగా ఉన్నా మీటర్ ఏమీ చూపించదు. ఆ పరీక్షని నమ్మి మంచి స్విచ్ మార్చేసినవాళ్లు చాలామంది ఉంటారు.

ఇక కార్బన్లు. మోటారు వెనక భాగంలో ఎదురెదురుగా రెండు ఉంటాయి. కొన్ని మిషన్లకి బాడీ రెండు పక్కలా నాణెం పట్టే గాడితో గుండ్రటి మూతలుంటాయి. అవి తిప్పితే కార్బన్ బయటికొచ్చేస్తుంది, మిషన్ విప్పే పనే లేదు. మూతలు లేకపోతే బాడీ విప్పాలి. దాని స్క్రూలు చాలావరకు ఆరు మూలల టార్క్స్ రకం. సరిపడని స్క్రూడ్రైవర్‌తో తిప్పి తల అరగదీస్తే తర్వాత ఎవరూ తియ్యలేరు, సరైన బిట్ తెచ్చుకున్నాకే మొదలెట్టండి. మిషన్‌ని పక్కకి పడుకోబెట్టి, కింద తెల్లటి తువ్వాలు పరవండి. అట్టముక్క మీద మిషన్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి, ఎందుకంటే వాటి పొడవులు వేరువేరుగా ఉండొచ్చు. పై సగం నెమ్మదిగా, నిటారుగా పైకి ఎత్తండి. ముందుకీ వెనక్కీ తిప్పే మీట, హ్యామర్ మీట, చిన్న స్ప్రింగులు, ఒక్కోసారి చిన్న ఉక్కు గోలీ అప్పుడే జారిపడతాయి. ఎత్తీ ఎత్తగానే ఏదీ కదపకుండా ఫోటో తియ్యండి.

కార్బన్‌ని వెనక నుంచి ఒక స్ప్రింగు నెట్టుతూ ఉంటుంది. బయటికి తీశాక స్కేలు పెట్టి కొలవండి. 5, 6 మిల్లీమీటర్లకి దిగిపోయి ఉంటే దాని పని అయిపోయింది. స్ప్రింగు ఇక దాన్ని మోటారు రాగి చక్రానికి ఆనించలేదు. ఆనీ ఆనక మెరుపులు వస్తాయి, తడితే ఆనుతుంది, మిషన్ తిరుగుతుంది. మీరు రాసిన లక్షణాలు అచ్చంగా ఇవే. కొన్ని కార్బన్లలో లోపల ఇంకో ఏర్పాటు ఉంటుంది. కార్బన్ బాగా అరిగాక మధ్యలోంచి చిన్న పుల్ల లాంటిది బయటికి పొడుచుకొచ్చి కార్బన్‌ని చక్రం మీంచి లేపేస్తుంది. మోటారు పాడవకుండా కంపెనీ పెట్టిన రక్షణ అది. అలాంటివాటిలో మిషన్ హఠాత్తుగా చచ్చిపోయినట్టు ఆగిపోతుంది, జనం మోటారు కాలిందనుకుంటారు. అరగకపోయినా గూట్లో ఇరుక్కుని ఉండొచ్చు. శ్లాబుకి కన్నం వేసేటప్పుడు సిమెంటు పొడి నేరుగా మిషన్ మీదే పడుతుంది, గాలి సందుల్లోంచి లోపలికి పోతుంది. అలా అయితే గూడు టూత్‌బ్రష్‌తో శుభ్రం చేస్తే కార్బన్ వేలితో నెట్టినా సాఫీగా ముందుకీ వెనక్కీ జరగాలి.

మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చండి, ఒకటి బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. పాతది చేత్తో పట్టుకెళ్లి చూపించి, మందం, వెడల్పు, స్ప్రింగు రకం, వెనక రేకు ఆకారం అన్నీ కలిసినవే తీసుకోండి. కాస్త పెద్దది ఇచ్చి "రుద్దుకుంటే సరిపోతుంది" అంటే వద్దనండి. గూట్లో బిగుసుకుంటే మళ్లీ ఇదే గొడవ. వీటి ఖరీదు కొత్త మిషన్ ఖరీదులో చాలా చిన్న భాగం. కొత్తవి వేశాక మొదటి కొద్ది నిమిషాలు బిట్ లేకుండా ఖాళీగా తిప్పండి. కార్బన్ మొహం చక్రం వంపుకి సర్దుకోవాలి. అప్పుడు కాస్త మెరుపులు కనిపిస్తే భయపడకండి, తగ్గిపోతాయి.

కార్బన్లు తీసి ఉన్నప్పుడే ఆ రాగి చక్రాన్ని, అంటే కమ్యుటేటర్‌ని, టార్చి వేసి చుట్టూ తిప్పి చూడండి. షాపాయన మాట నిజమో కాదో అక్కడే తేలుతుంది. చాకొలేట్ రంగులో నునుపుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ రంగుని మెరిసేలా రుద్దేయమని చెప్పే వీడియోని అక్కడితో ఆపేయండి. ఆ పొర ఉండాల్సిందే. ముఖ్యంగా ఎమరీ కాగితం పెట్టొద్దు, దాని రజను రాగి ముక్కల సందుల్లో చేరి కొత్త జబ్బు తెస్తుంది. ఆ సందుల్లో కార్బన్ పొడి పట్టి ఉంటే వెదురు పుల్లతో గీకి, పొడి బ్రష్‌తో దులపండి. నూనె మాత్రం చుక్క కూడా వద్దు. మన ఇళ్లలో కిర్రుమన్నదానికల్లా కొబ్బరినూనె వేసే అలవాటుంది. మోటారు దగ్గర నూనె పడితే కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దయి, కరెంటుకి అడ్డదారులు చేస్తుంది.

అలా కాకుండా చక్రం మీద ఒకటి రెండు రాగి ముక్కలు మాత్రమే మాడి నల్లగా గుంటలు పడి ఉన్నా, చుట్టల మీది వార్నిష్ పొట్టులేచి మాడిన వాసన కొడుతున్నా, కార్బన్లు మార్చి నడిపాక కూడా చక్రం చుట్టూ నిప్పు రింగు తిరుగుతున్నా అది ఆర్మేచర్ జబ్బే. అక్కడ మీరు ఆగిపోండి. ఇంట్లో చేసే పని కాదది. మన డెల్టాలో ఆక్వా చెరువుల ఏరేటర్లకీ, పొలం మోటార్లకీ వైండింగ్ చేసే షాపులు ఊరూరా ఉన్నాయి. కొత్త మిషన్లు అమ్మే షాపుకి కాకుండా అక్కడికి తీసుకెళ్లండి. ఆర్మేచర్‌ని గ్రౌలర్ అనే పరికరం మీద పెట్టి పరీక్షిస్తారు, లోపల షార్టు ఉంటే దాని మీద పెట్టిన ఇనుప రేకు గడగడా అదురుతుంది. మీ కళ్ల ముందే చెయ్యమని అడగండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. విప్పి చూడకుండా ఆర్మేచర్ పోయిందని చెప్పడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

చక్ విప్పే వీడియో చూశారన్నారు. దాని జోలికి పోకండి, మీ జబ్బుకీ చక్‌కీ సంబంధం లేదు. పైగా వెనక్కి కూడా తిరిగే మిషన్లలో చక్ నోరు లోపల ఒక స్క్రూ ఉంటుంది, దానిది రివర్స్ మర. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది, తల తెగిపోతుంది. ఇంకో రకం వీడియో ఉంది, ట్రిగ్గర్ పోతే రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేసేయమంటారు. అలా చేస్తే ప్లగ్గు పెట్టగానే మిషన్ తిరుగుతుంది, ఆపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఆ ఆలోచనే వద్దు.

ఇంక ఏ వీడియో నమ్మాలి అంటే, పేరు పలక మీద ఉన్న మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కొట్టి వెతకండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా లోపల అమరిక వేరుగా ఉండొచ్చు. విప్పడంతో పాటు తిరిగి బిగించడం కూడా కత్తిరించకుండా చూపించినది ఎంచుకోండి. చాలామంది విప్పడం పది నిమిషాలు చూపించి, ఆ తర్వాత బిగించేసిన మిషన్ చూపిస్తారు. మీకు కష్టం వచ్చేది ఆ మధ్యలోనే. భాష రాకపోయినా పర్వాలేదు, చేతులు కనిపిస్తే చాలు. మొదటిసారి పని మొదలెట్టకుండా మొత్తం చూడండి. రెండోసారి ఆపుకుంటూ చెయ్యండి. వాటితో పాటు అదే మోడల్ నంబరుతో విడిభాగాల పటం కూడా వెతకండి. ఏ భాగం తర్వాత ఏది వస్తుందో గీతల్లో వరసగా చూపించే పటం అది, చాలా కంపెనీలవి దొరుకుతాయి. ప్రతి భాగానికీ పక్కన నంబరు ఉంటుంది. నా మటుకు నాకు ఏ వీడియోకన్నా ఆ పటం మీదే ఎక్కువ గురి.

అత్తగారి వరద అనుమానం కూడా కొట్టిపారేసేది కాదు. అటక మీది చెమ్మ వల్ల ఇంత పని జరగదు గానీ, సముద్రం దగ్గరి ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది, కార్బన్ గూడు పట్టేస్తుంది. మిషన్‌ని గోనెసంచిలో చుట్టి పెట్టకండి, గోనె చెమ్మని పీల్చి పట్టి ఉంచుతుంది. మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. నీళ్లలో మునిగిన మిషన్ సంగతి పూర్తిగా వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లకి ఇళ్లే మునిగాయి. అలా మునిగినదాన్ని ఎండలో ఆరబెట్టి ప్లగ్గు పెడితే చాలదు, ఒండ్రు చుట్టల్లోకి పోయి ఉంటుంది. వైండింగ్ షాపులో కడిగి, వేడి మీద ఆరబెట్టి, మెగ్గర్ అనే మీటర్‌తో ఇన్సులేషన్ చూశాకే, అంటే కరెంటు లీకు లేదని తేలాకే, కరెంటు ఇవ్వాలి. మీ ఇంటి చుట్టుపక్కల ఎవరికైనా ఆ అవసరం వస్తే చెప్పండి.

అంతా బిగించాక ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు. మిగిలితే మళ్లీ విప్పాల్సిందే. చక్‌ని చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా పట్టకుండా తిరగాలి. తర్వాత పొడి నేల మీద, కాళ్లకి రబ్బరు చెప్పులేసుకుని, బిట్ పెట్టకుండా, స్విచ్ ఉన్న బోర్డులో పెట్టి మొదటిసారి నడపండి. మీ ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, డ్రిల్ ఉన్నా లేకపోయినా, అది పెట్టించుకోండి. కరెంటు లీకై మనిషికి తగిలితే రెప్పపాటులో సప్లై కొట్టేసే రక్షణ అది. వానాకాలంలో నేలలు చెమ్మగా ఉండే మన ఇళ్లకి తప్పనిసరి.

ఉయ్యాల హుక్కు కన్నం మాత్రం ఈ మిషన్‌తో పూర్తి చెయ్యకండి. ఇంటి వాడకం డ్రిల్ గోడ ఇటుకకి సరిపోతుంది. శ్లాబు కాంక్రీటుకి అది ఎక్కువ పని. లోపల ఇనుప ఊచ తగిలితే మోటారు బిగుసుకుని వేడెక్కిపోతుంది, మీకు వచ్చిన కాలిన వాసన అక్కడే పుట్టి ఉంటుంది. పైగా పిల్ల బరువు మొయ్యాల్సిన హుక్కు అది. కాంక్రీటుకి కన్నాలు వేసే రోటరీ హ్యామర్ మిషన్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వేయించి, యాంకర్ బోల్టు బిగించమనండి. గోడలకి మీరు వేసుకునేటప్పుడు గట్టిగా నెట్టకుండా, మధ్యమధ్యలో బిట్ బయటికి లాగి పొడి రాల్చుకోండి. పైకి ఎత్తి వెయ్యాల్సి వస్తే టీ తాగే పేపరు గ్లాసు అడుగున కన్నం చేసి బిట్‌కి తొడగండి, పొడి అందులోనే పడుతుంది.

ఒక్క చిక్కు మిగిలింది. కువైట్‌లో అమ్మే మోడళ్లలో కొన్ని ఇక్కడ దొరకవు, వాటి కార్బన్లూ దొరకవు. నర్సాపురంలోనూ అమలాపురంలోనూ సరిపడేవి దొరక్కపోతే, పాత కార్బన్ పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో, పేరు పలక ఫోటో, పటంలోని పార్టు నంబరు మీ వారికి వాట్సాప్‌లో పంపండి. రెండు జతలు కొనమనండి, ఈ నెలలో ఇటు వచ్చే ఊరివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చేత పంపించేస్తారు.